ముయ్యేరు రాజ్యపు నీటిదండు: ఆరు వేల మందిని ఎలా అమర్చాలి?

దేవరకొండ_గట్టు

అందరికీ నమస్తే. ముయ్యేరు కథ మూడో భాగం మొదలుపెట్టే ముందు సైన్యం లెక్క తేల్చుకుందామని ఈ చర్చ పెడుతున్నా.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. మూడు నదులు కలిసి సముద్రంలో పడే చోట ఉన్న రాజ్యం ముయ్యేరు. ఎదురుగా ఉప్పుదీవులు. ఓడలో ఒక పగలు, ఒక రాత్రి ప్రయాణం. ఏటా పంట చేతికొచ్చే వేళకు దీవులవాళ్ళు వచ్చి రేవు ఊళ్ళు దోచుకుపోతారు. ఈసారి రాణి తానే దండు కట్టి దీవుల మీదికి పోవాలని తేల్చేసింది.

ఓడ మీదా కొట్లాడాలి, ఒడ్డున దిగీ కొట్లాడాలి. అలాంటి కాల్బలం పేరు నీటిదండు. 6,000 మంది. నేను వేసుకున్న అమరిక: పది మందికో దళం, వంద మందికో శతం, వెయ్యి మందికో సహస్రం, ఆరు సహస్రాల మీద ఒక మహాసేనాని. ఓడలు వేరే నౌకాధిపతి చేతిలో ఉంటాయి. ఓడ నుంచి ఒడ్డుకు దోనెలు. దోనెకు 24 మంది పడతారు. గాలిని పిలిచే మంత్రగాళ్ళు రాజ్యం మొత్తంలో 30 మంది. ఒక్కొక్కరు పూటసేపు గాలి పిలవగలరు, ఆ తర్వాత రెండు రోజులు లేవలేరు.

ఈ అమరిక నిలబడుతుందా? మంత్రగాళ్ళను ఎవరి కింద పెట్టాలి? కథ చదివేవాళ్ళు నమ్మాలి. ఎక్కడ లోపముంటే అక్కడ పట్టుకోండి.

సోమశిల_పుట్టి

తమ్మీ, శతంలో 100 మంది. దోనెలో 24. నాలుగు దోనెలకు 96. మిగిలిన నలుగురు ఏ దోనె ఎక్కుతారు? పైగా ఆ 24లో దోనె నడిపేవాళ్ళు కూడా ఉండాలి కదా. ఒక సరంగు, అంటే దోనె నడిపించే పెద్ద, ముందు గెడ పట్టుకునేవాడు, ఇంకో ఇద్దరు కళాసులు లేకుండా అలల్లో దోనె ఒడ్డుకు చేరదు. అంటే సిపాయిలు 20 మందే.

ఇంకో మాట. మా దగ్గర కృష్ణ దాటేటప్పుడు ఎవరూ అవతల దిగే చోటికి సూటిగా పుట్టి పోనివ్వరు. నీళ్ళు కిందికి ఈడుస్తాయి కాబట్టి ఎగువకు చూసి తెడ్డేస్తారు. అయినా ఒకేసారి బయలుదేరిన నాలుగు పుట్టీలు నాలుగు చోట్ల ఆగుతాయి. నీ శతం కూడా అంతే. ఒక దోనె రాళ్ళ దగ్గర, ఒకటి ఇసుకలో, ఒకటి అర కోసు దిగువన. శతాధిపతి ఒక దోనెలో ఉంటే మిగతా మూడు దోనెలవాళ్ళకు చెప్పేవాడు ఎవడు?

అందుకే దోనె ఎంతో దళం అంతే ఉండాలి. 20 మంది ఒక జట్టు. ఆ జట్టుకో పెద్ద. ఇద్దరు ముగ్గురు విలుకాళ్ళు, ఒక గొడ్డలి, ఒక పెద్ద మోకు, నిప్పు చేసే సామాను, అన్నీ ఆ దోనెలోనే. పక్క దోనె పూటదాకా కనబడకపోయినా తమకు తాము నిలబడగలగాలి. మిగతా అమరికంతా దాని మీదే కట్టుకో.

వాడపల్లి_సంగమం

సోమశిల అన్న చెప్పింది చరిత్రలోనూ కనిపిస్తుంది. ఏథెన్స్ యుద్ధనావలో తెడ్లు వేసేవాళ్ళు 170 మంది ఉంటే, కవచం తొడుక్కున్న సిపాయిలు 10 మంది, విలుకాళ్ళు 4గురు. అంత తక్కువ ఎందుకంటే వాళ్ళ యుద్ధం నావతో నావను గుద్దడం. బరువు పెరిగితే వేగం పోతుంది. రోమన్లది వేరే దారి. క్రీ.పూ. 256లో కార్తేజ్‌వాళ్ళతో సముద్రం మీద జరిగిన ఎక్నోమస్ యుద్ధం నాటికి ఒక్కో పెద్ద నావకు 300 మంది తెడ్డుగాళ్ళు, 120 మంది సిపాయిలు. వాళ్ళు శత్రునావ మీదికి వంతెన వాల్చి, ఎక్కి కొట్టేవాళ్ళు. యుద్ధం చేసే తీరును బట్టే నావలో సిపాయిల సంఖ్య.

కాబట్టి దేవరకొండ తమ్ముడు ముందు తేల్చాల్సింది: నీటిదండు ప్రధానంగా ఓడ మీద కొట్లాడుతుందా, ఒడ్డు మీదా? కథను బట్టి చూస్తే ఒడ్డే. అలాంటప్పుడు దోనె లెక్కే సరైన లెక్క.

హాలియా_హవల్దార్

నేను ఫౌజులో పనిచేసి వచ్చినవాణ్ణి. సముద్రం మీద కాదు, కొండల మీద. అయినా ఒకటి చెప్తా. నీ అమరికలో నాకు టెన్షన్ పెట్టింది దళాల సంఖ్య కాదు, ఇద్దరు పెద్దలు. సిపాయిలు మహాసేనాని కింద, ఓడలు నౌకాధిపతి కింద. అర్ధరాత్రి, గాలి మారింది, ఒడ్డున మంటలు కనిపిస్తున్నాయి. దిగాలా వద్దా? ఇద్దరూ రెండు మాటలు చెప్తే కింద ఉన్నవాడు ఎవరి మాట వినాలి?

ఇంగ్లండువాళ్ళు 1664లో సముద్రం కోసం 1,200 మందితో ప్రత్యేకంగా ఒక రెజిమెంటు ఎత్తారు. ఆ తర్వాత అలాంటి పటాలాలను పెట్టడం, తీసేయడం, మళ్ళీ పెట్టడం చాలాకాలం నడిచింది. చివరికి 1755లో 50 కంపెనీలను నౌకాదళ శాఖ కిందికే తెచ్చి స్థిరంగా ఉంచారు. ఆ సిపాయిలకు ఓడలో పడక కూడా ఆఫీసర్లకూ నావికులకూ మధ్యనే. నావికులు తిరగబడితే ఆఫీసర్లకు అడ్డం వాళ్ళే అన్నమాట.

నా సలహా: నీటిదండు, ఓడలు, రెండూ ఒక్కరి కిందే పెట్టు. కింద మాత్రం గీత గట్టిగా గీయి. నీళ్ళ మీద ఉన్నంతసేపు సరంగు మాటే మాట. దోనె అడుగు నేలకు తగిలిన క్షణం నుంచి జట్టు పెద్ద మాట. తిరిగి ఎక్కేటప్పుడు ఆఖరి మనిషి దోనెలో కాలు పెట్టగానే మళ్ళీ సరంగు. పది దోనెలకు ఒక పటాలం చెయ్యి. పొగలో, చీకట్లో ఒక మనిషి జెండాతోనో దివిటీతోనో నడపగలిగింది అంతకు మించి ఉండదు.

అలంపూర్_గుడిమెట్టు

హవల్దార్ సాబ్, "నేలకు తగిలిన క్షణం" అనేది చాలా బాగుంది. కథలో ఒక ఘట్టమే రాయొచ్చు.

మిర్యాల_రైస్‌మిల్లు

యుద్ధం సంగతి తర్వాత. తిండి, నీళ్ళ లెక్క ఎవరూ ఎత్తలేదు. మిల్లులో లారీ లోడు చూసుకునేవాడిగా చెప్తున్నా, ఈ దండు ముందు దాహంతో ఓడిపోతుంది.

పది దోనెల పటాలం అంటే సుమారు 200 మంది అనుకుందాం. ఎండలో పనిచేసే మనిషికి రోజుకు 5 లీటర్ల నీళ్ళు కావాలి. అంటే 1,000 లీటర్లు, వెయ్యి కిలోల బరువు. దోనె మోసేది 24 మందిని, మనిషికి 60 కిలోలు వేస్తే 1,440 కిలోలు. నడిపే నలుగురిని తీసేస్తే మిగిలేది 1,200 కిలోలు. పీపాల బరువు కూడా కలుపు. ఒక్క రోజు నీళ్ళతోనే ఒక దోనె నిండిపోయింది! గింజలకు అంత చిక్కు లేదు. మనిషికి రోజుకు ముప్పావు కిలో చొప్పున 200 మందికి 150 కిలోలు. ఐదు రోజుల గింజలు 750 కిలోలు. అదే దోనెలో బాణాల కట్టలు, మోకులు, తారు కూడా పడతాయి.

అందుకే పదింటిలో రెండు దోనెలు సరుకువి కావాలి. ఒకటి నీళ్ళకు, ఒకటి గింజలకు. ఆ రెండింటిలో సిపాయిలు ఉండరు, నడిపే నలుగురే. ఇంకా ముఖ్యమైనది, దిగే చోటు కోటను చూసి ఎంచుకోకూడదు, బావిని చూసి ఎంచుకోవాలి. రెండో రోజు పొద్దెక్కేసరికి బావి చేతిలో లేకపోతే తిరిగి దోనెలెక్కడమే.

మొదటి రాత్రి పొయ్యి వెలిగించకూడదు కాబట్టి వండే తిండి పెట్టకు. జొన్న పేలాలు, బెల్లం, ఎండు రొట్టెలు.

దేవరకొండ_గట్టు

బావి మాట నాకు చాలా నచ్చింది. ఉప్పుదీవుల్లో మంచినీళ్ళు దొరకడమే కష్టమని రెండో భాగంలో రాశాను. ఉత్తరపు దీవిలో ఒకే ఒక దిగుడుబావి ఉంది. యుద్ధమంతా దాని చుట్టూ తిరుగుతుంది ఇక.

పాలమూరు_ముంగిలి

మనుషులు ఎక్కడి నుంచి వస్తారు? అందరూ 6,000 మందిని అమరుస్తున్నారు కానీ ఎత్తుకొచ్చేది ఎవరో చెప్పలేదు.

మా జిల్లా పేరు చెప్పగానే దేశమంతా గుర్తొచ్చేది పాలమూరు లేబర్. నాగార్జునసాగర్ కట్ట దగ్గర్నుంచి ఎన్ని ప్రాజెక్టులు కట్టారో. వాళ్ళు ఒంటరిగా పోలేదు, గుంపుగా పోయారు. గుంపు మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి, ఇంటింటికీ అడ్వాన్సు ఇచ్చి, ఒకే ఊరివాళ్ళను, చుట్టాలను కలిపి తీసుకుపోయేవాడు. పని దగ్గర ఒకరికి జ్వరం వస్తే పక్కవాడు ఆ పని కూడా లాగేస్తాడు, ఎందుకంటే వాడు బావమరిదో చిన్నాయన కొడుకో. మేస్త్రీ మోసం చేస్తే మాత్రం గుంపు గుంపంతా మునుగుతుంది. ఆ అప్పు తీరదు, ఊరికి రాలేరు.

నీటిదండు జట్టు కూడా ఇలాగే కడితే బలంగా ఉంటుంది. ఒక రేవు ఊరి నుంచి 20 మంది, చిన్నప్పటి నుంచి కలిసి ఈదినవాళ్ళు. కానీ జీతం మాత్రం జట్టు పెద్ద చేతికి ఇవ్వకండి. రాణి ఖజానా నుంచి ప్రతి మనిషికి, అతని ఇంటివాళ్ళ ముందే లెక్కపెట్టి ఇవ్వాలి. జీతం పంచేవాడు, యుద్ధంలో ముందు నడిపేవాడు ఒక్కడే అయితే ఆ దండు రాణిది కాదు, వాడిది.

వాడపల్లి_సంగమం

జీతం సంగతిలో మీతో పూర్తిగా ఏకీభవిస్తా, అక్కా. ఒకే ఊరి జట్టు సంగతిలో మాత్రం భయముంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఇంగ్లండులో ఒకే ఊరి స్నేహితులను, ఒకే ఫ్యాక్టరీ కార్మికులను కలిపి బెటాలియన్లు కట్టారు. 1916 జులై 1న సోమ్ యుద్ధం మొదటి రోజే కొన్ని ఊళ్ళ యువకులు ఒక్క పూటలో వందల మంది కూలిపోయారు. వీధి వీధంతా ఒకే రోజు ఏడ్చింది. దోనె విషయంలో ప్రమాదం ఇంకా ఎక్కువ. భూమి మీద దెబ్బ తింటే కొందరైనా బయటపడతారు. అలల్లో దోనె తిరగబడితే ఆ ఊళ్ళో ఒక తరమే ఉండదు.

పాలమూరు_ముంగిలి

నిజమే సార్. అయినా నేను ఊరివాళ్ళను విడదీయమని అనను. పరాయివాళ్ళ మధ్య ఒంటరిగా పడిన కుర్రాడు మొదటి అలకే భయపడిపోతాడు. మధ్యే మార్గం ఒకటుంది. జట్టులో ఐదుగురు చొప్పున నాలుగు ఊళ్ళవాళ్ళు. ఐదుగురికి పక్కన తెలిసిన మొహం ఉంటుంది. దోనె పోతే ఊరు ఐదుగురిని పోగొట్టుకుంటుంది, ఇరవై మందిని కాదు. నాలుగు ఊళ్ళ మధ్య పోటీ కూడా ఉంటుంది, మా ఊరివాడు వెనక్కి తగ్గాడన్న మాట పడకూడదని.

హాలియా_హవల్దార్

ఐదుగురి లెక్క మంచిది. కాపలాకు కూడా అదే లెక్క కుదురుతుంది. రాత్రిని నాలుగు జాములు చేస్తే జాముకు ఐదుగురు.

అలంపూర్_గుడిమెట్టు

మంత్రగాళ్ళ సంగతి మిగిలింది. 30 మందినీ రాణి దగ్గరే ఉంచితే ఓడలకు గాలి దొరుకుతుంది, కానీ దిగిన పటాలానికి వెనక్కి రావడానికి గాలి ఉండదు. పటాలానికి ఒకరిని పంచితే రాణి చేతిలో ఎవరూ మిగలరు. నేనైతే పంచుతాను. పూటసేపే గాలి, తర్వాత రెండు రోజులు పడక అన్నావు కాబట్టి పోయేటప్పుడు అసలు వాడకూడదు. పోయేటప్పుడు మామూలు గాలి కోసం ఆగొచ్చు, వచ్చేటప్పుడు ఆగలేం. మంత్రగాడు దిగే దోనెలో ఉండకూడదు, ఆఖరి దోనెలో ఉండాలి. అతన్ని ఖర్చుపెట్టే అధికారం పటాలం నాయకుడికి ఒక్కడికే.

ఇంకొకటి. దిగడానికి ముందు మోసం ఉండాలి. 1565లో దక్కను సుల్తానులు కృష్ణ దాటాల్సి వచ్చినప్పుడు దాటగల రేవును విజయనగరం సేన కాపు కాసింది. సుల్తానులు నది వెంబడే నడుస్తూ వేరే చోట దాటుతున్నట్టు నమ్మించారు. కాపు సేన కూడా అవతలి గట్టున వాళ్ళతోపాటే కదిలింది. అప్పుడు సుల్తానుల సేన వెనక్కి తిరిగొచ్చి, ఖాళీ అయిన ఆ రేవులోనే దాటేసింది. దక్కను చరిత్ర రాసిన ఫెరిష్తా రాసినది ఇది. దాని తర్వాత జరిగిన తళ్ళికోట యుద్ధం అందరికీ తెలిసిందే. నీ 30 పటాలాల్లో కొన్నింటి పనే అది కావాలి: దిగినట్టు కనిపించి, దిగకుండా తిరిగిరావడం. ఓపిక ఉన్న సరంగులను అక్కడ పెట్టు.

సోమశిల_పుట్టి

హవల్దార్ సాబ్, మీ గీత నాకు ఒక్క చోట ఒప్పుదల కాలేదు. వెనక్కి వచ్చేటప్పుడు. ఆఖరి మనిషి ఎక్కేదాకా జట్టు పెద్ద మాటే అన్నారు. నీళ్ళు ఆగవు కదా. పోటు తీసేస్తుంటే దోనె ఇసుకలో కూర్చుంటుంది. కూర్చున్న దోనెను పది మంది కూడా లాగలేరు. "ఇంకో ఇద్దరు వస్తున్నారు, ఆగు" అని జట్టు పెద్ద అంటే, ఆ ఇద్దరి కోసం పద్దెనిమిది మంది పోతారు. నీళ్ళు తెలిసినవాడే చెప్పాలి, ఇక కదలాలి అని.

హాలియా_హవల్దార్

అది ఒప్పుకోలేను. సిపాయి ముందుకు పోయేది వెనక దోనె ఉందన్న నమ్మకంతో. సరంగు తన ఇష్టానికి కదిలిపోవచ్చు అని ఒక్కసారి తెలిస్తే ఎవడూ ఒడ్డు నుంచి వంద గజాలు దాటడు. అందరూ తల తిప్పి దోనె వైపే చూస్తుంటారు. 1520 రాయచూరు యుద్ధంలో కృష్ణదేవరాయల సేన ధాటికి బీజాపూరు సేన వెనక్కి తిరిగితే, వెనక ఉన్నది కృష్ణ. కత్తి వేటుకు పోయినవాళ్ళు కొందరైతే నీళ్ళల్లో పోయినవాళ్ళు ఎందరో. వెనక నది పెట్టుకుని కొట్లాడేవాడికి ఆ భయం ఎప్పుడూ ఉంటుంది. దాన్ని పెంచే నియమం పెట్టొద్దు.

సోమశిల_పుట్టి

పెంచమనడం లేదు సాబ్. దోనెను బతికించమంటున్నా. దోనె పోతే ఎవరికీ దారి ఉండదు.

పాలమూరు_ముంగిలి

ఇద్దరి మాటలూ కలిసే చోటుంది. కదలడం వేరు, వదిలిపోవడం వేరు. నీళ్ళు తగ్గుతుంటే సరంగు ఎవరినీ అడగకుండా దోనెను లోతుకు జరుపుకోవచ్చు. కానీ బాణం దూరం దాటి పోకూడదు. ఒడ్డున ఉన్నవాడు ఈది అందుకోగలిగే చోటే ఉండాలి. అక్కడి నుంచి పోవాలంటే పటాలం నాయకుడి జెండా కావాలి.

హాలియా_హవల్దార్

దీనికి నేను సరే. అయితే నీటిదండులో ఈత రానివాడు ఒక్కడు కూడా ఉండొద్దు. కవచం కూడా ఒక్క ముడి లాగితే ఊడిపోయేలా కట్టుకోవాలి.

సోమశిల_పుట్టి

నాకూ సరే.

మిర్యాల_రైస్‌మిల్లు

వానాకాలం నాలుగు నెలలు సముద్రం మూతపడుతుంది కదా. అప్పుడు 6,000 మందికి కూర్చోబెట్టి తిండి పెట్టాలంటే ఖజానా ఖాళీ.

వాడపల్లి_సంగమం

రేవుల కాపలా ఇవ్వొచ్చు. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు మొత్తం లాగేసుకునేవాళ్ళట. తాను అలా చేయనని, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటానని సముద్ర వ్యాపారులకు మాట ఇచ్చాడు. అలాంటి మాట శాసనం మీద ఉంటే సరిపోదు. తుఫాను రాత్రి తీరంలో నిలబడి, పగిలిన ఓడ దగ్గర దోపిడీ జరగకుండా చూసే మనుషులు కావాలి. ముయ్యేరు రాణి కూడా ఇలాంటి అభయం ఇచ్చిందనుకో, వానాకాలంలో నీటిదండు పని అదే. దానికయ్యే ఖర్చు సుంకం నుంచే వస్తుంది. మిగిలిన సమయంలో దోనెలు తిరగేసి తారు పూయడం, మోకులు పేనడం.

దేవరకొండ_గట్టు

ఇప్పటిదాకా తేలింది రాస్తున్నా. మూడో భాగానికి ఇదే ఖాయం.

దోనెకు ఒక జట్టు: 20 మంది సిపాయిలు, నాలుగు ఊళ్ళ నుంచి ఐదుగురు చొప్పున, పైన నలుగురు దోనెవాళ్ళు. పటాలానికి పది దోనెలు. ఏడు యుద్ధానికి, అంటే 140 మంది సిపాయిలు, 28 మంది దోనెవాళ్ళు, మొత్తం 168 మంది. ఒకటి పనిజట్టు, 24 మంది. అందులో పటాలం నాయకుడు, వైద్యుడు, వడ్రంగులు, గాలి పిలిచేవాడు. అది అన్నిటికన్నా వెనక వస్తుంది. రెండు సరుకు దోనెలు, 8 మంది. మొత్తం 200. అలాంటివి 30 పటాలాలు. మంత్రగాళ్ళు కూడా 30 మందే కాబట్టి రాణి దగ్గర ఒక్కరు కూడా మిగలరు. రాణి తన దగ్గర ఎవరినీ ఉంచుకోకుండా పంచేసిందన్న సంగతి సిపాయిలకు తెలిసే ఘట్టం రాస్తా. 6,000 మంది దండులో ఆయుధంతో ముందు దిగేది 4,200 మందే, మిగతావాళ్ళు వాళ్ళను నిలబెట్టేవాళ్ళు. సహస్రాలు తీసేశా. దండు, ఓడలు ఒకే అధిపతి కింద. ఆ పదవి ఒక సరంగు కూతురికి ఇస్తున్నా, నీళ్ళూ తెలుసు, యుద్ధమూ తెలుసు.

ఆరు పటాలాలు దక్షిణపు దీవి ముందు మోసపు దిగుడుకు. మిగతా 24 ఉత్తరపు దీవిలో దిగుడుబావి వైపు. పోటు తీసే వేళ, సరంగు దోనెను లోతుకు జరపడం చూసి ఒడ్డున ఉన్న ఒక కుర్రాడు తమను వదిలేస్తున్నారనుకుని పరుగు తీస్తాడు. అక్కడి నుంచి కథ నడుస్తుంది.

సోమశిల_పుట్టి

ఆ ఘట్టం రాసేముందు దోనె ఆకారం మార్చుకో తమ్మీ. మా పుట్టి గుండ్రం. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేస్ కూడా రాశాడు కదా, బుట్టలా ఉండి తోలు కప్పిన పడవలు, పదిహేను ఇరవై మంది పడతారు, తిరుగుతూనే పోతాయి అని. నది దాటడానికి అది చాలు, అలల్లోకి పనికిరాదు. అలాగని ఒకవైపే ముక్కున్న దోనె పెడితే వెనక్కి వచ్చేటప్పుడు దాన్ని తిప్పాలి. తిప్పేటప్పుడు అల పక్కనుంచి కొడితే బోల్తా. రెండు కొసలా ముక్కు పెట్టు. తెడ్లవాళ్ళు కూర్చున్న చోటే వెనక్కి తిరిగి కూర్చుంటే చాలు, దోనె తిప్పక్కర్లేదు. సరంగు చుక్కాని బదులు పొడుగాటి తెడ్డు వాడితే ఏ కొసన అయినా పెట్టుకోవచ్చు.

దేవరకొండ_గట్టు

పెట్టేస్తున్నా అన్నా. దోనె బొమ్మ, ఉత్తరపు దీవి మ్యాపు రెండూ గీసి ఇక్కడే పెడతా. పోటు ఎంత దూరం తీస్తుందో మ్యాపు మీద మీరే గీత గీసి ఇవ్వండి.